అమ్మ పని, నాన్న పని: పిల్లలు ఆడ, మగ తేడాలను ఎలా అర్థం చేసుకుంటారు? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, విజయవాడల్లో చిన్నపిల్లల్ని పెంచే అమ్మానాన్నలు, అంగన్‌వాడీ టీచర్లు, ప్రాథమిక తరగతుల టీచర్లు పదేపదే అడిగే ప్రశ్నలు ఇవి. ఎక్కువ జవాబులు మూడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు సంబంధించినవి.

తను ఆడపిల్లో మగపిల్లాడో పిల్లలకు ఏ వయసులో తెలుస్తుంది?

రెండున్నర, మూడేళ్లకే చాలామంది "నేను పాపని", "నేను బాబుని" అని తడుముకోకుండా చెప్తారు. అయితే మనకున్న అర్థం అప్పటికి వాళ్లకు ఉండదు. అమెరికన్ మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 1966లో దీన్ని మూడు మెట్లుగా చెప్పాడు. మొదటిది పేరు పెట్టుకోవడం. రెండోది, నాలుగేళ్ల ప్రాంతంలో, పెద్దయ్యాక కూడా ఇలాగే ఉంటానని తెలియడం. మూడోది, ఐదు నుంచి ఏడేళ్ల మధ్య, జుట్టు మారినా బట్టలు మారినా ఆడా మగా అన్నది మారదని తెలియడం.

మూడో మెట్టు వచ్చిందో లేదో మన ఇళ్లలో కనిపెట్టడం తేలిక. తిరుపతి వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చిన అక్కను చూపించి "ఇప్పుడు అక్క అబ్బాయి అయిపోయిందా?" అని అడగండి. పుట్టువెంట్రుకలు తీయించక ముందు బాబుకు జడ వేసి, పూలు పెట్టి తీయించిన ఫొటో ఉంటే అదీ పనికొస్తుంది. నాలుగేళ్ల పిల్లలు చాలామంది ఆ ఫొటో చూసి "పాప" అంటారు. అది తమ్ముడేనని చెప్పినా ఒప్పుకోరు. ఆరేళ్ల పిల్ల నవ్వి "జడ వేస్తే పాప అవుతాడా ఏంటి" అంటుంది.

ఐదారేళ్ల వయసులో పట్టుదల ఎక్కువగా ఉంటుంది. "ఇది మగపిల్లల ఆట, నువ్వు రాకూడదు" అనే గొడవలు యూకేజీ, ఒకటో తరగతిలోనే ఎందుకు ముదురుతాయంటే కారణం ఇదే. అప్పుడే నేర్చుకున్న నియమాన్ని పిల్లలు చట్టంలా పట్టుకుంటారు. ఏడెనిమిదేళ్లకు చాలామందిలో ఆ పట్టు సడలుతుంది. జర్మనీలో ఐదేళ్ల పిల్లల్ని పదేళ్లు వచ్చేదాకా గమనించిన పరిశోధకులకు కూడా ఇదే కనిపించింది. కాబట్టి ఆరేళ్లవాడు "వంట ఆడాళ్ల పని" అంటే కంగారు పడక్కర్లేదు. తొమ్మిదేళ్లకూ అదే మాట అదే గట్టితనంతో అంటుంటే మాత్రం ఇంట్లో ఏం చూస్తున్నాడో ఒకసారి లెక్కపెట్టుకోవాలి.

మనం మాట్లాడే తెలుగు వల్ల తేడా వస్తుందా?

ఈ ప్రశ్న ఎక్కువమంది అడగరు, కానీ అడగాల్సినది. బాబు "వచ్చాడు". పాప "వచ్చింది". బస్సు కూడా "వచ్చింది". ఏకవచనంలో మన క్రియ మగవాడిని ఒకవైపు, మిగతా ప్రపంచాన్నంతా ఇంకోవైపు పెడుతుంది. రెండేళ్ల పిల్ల మాటలు నేర్చుకునేటప్పుడు ఎవరు "డు" కిందికి వస్తారో, ఎవరు రారో రోజుకు వందసార్లు వింటుంది.

భాష ప్రభావంపై 1982లో వెలువడ్డ ఒక పరిశోధన హీబ్రూ, ఇంగ్లీషు, ఫిన్నిష్ మాట్లాడే ఇళ్లలోని చిన్నపిల్లల్ని పోల్చింది. హీబ్రూలో "నువ్వు" అనే మాటకే ఆడ, మగ తేడా ఉంది. ఫిన్నిష్‌లో అతను, ఆమె రెంటికీ ఒకటే మాట. తాము ఎవరో హీబ్రూ పిల్లలు అందరికంటే ముందు గుర్తించారు, ఫిన్నిష్ పిల్లలు చివర, ఇంగ్లీషు పిల్లలు మధ్యలో. అంటే భాష తేడాను ముందుగా కంటికి కనిపించేలా చేస్తుంది. ఎవరు గొప్పో ఎవరు తక్కువో వ్యాకరణం నేర్పదు, అది మనం నేర్పేది.

తెలుగులోనే దీనికి విరుగుడు కూడా ఉంది. గౌరవవాచకంలో తేడా చెరిగిపోతుంది. "డాక్టరుగారు వచ్చారు" అంటే ఆయనో ఆవిడో తెలియదు. "డాక్టరు వచ్చాడు" అంటే తెలిసిపోతుంది. కథ చెప్పేటప్పుడు పోలీసు, డ్రైవరు, సైంటిస్టు, వంటమనిషి అందరినీ "వచ్చారు, చేశారు" అంటూ చెప్పి, చివర్లో "ఆ డ్రైవరుగారు ఎలా ఉన్నారు? బొమ్మ గీయి" అనండి. పిల్లలు ఎవరిని ఊహించుకున్నారో బొమ్మలో బయటపడుతుంది. "డ్రైవరమ్మ", "కండక్టరమ్మ" లాంటి మాటలకు మామూలు ముఖం మగముఖమే, ఆడవాళ్లయితే తోక తగిలించాలి అన్న అర్థం ఉంటుంది. పిల్లలు దాన్ని కూడా పట్టుకుంటారు.

ప్రపంచమంతటా పిల్లలు ఒకేలా ఆలోచిస్తారా?

నేర్చుకునే తీరు దాదాపు ఒకటే, నేర్చుకునే సరుకు వేరు. జాన్ విలియమ్స్, డెబోరా బెస్ట్ ఇరవైకి పైగా దేశాల్లో ఐదేళ్ల, ఎనిమిదేళ్ల పిల్లలకు చిన్న కథలు చెప్పి, అందులో మనిషి ఆడా మగా అని అడిగారు. బలం, దుడుకుతనం మగవాళ్లకు, మెత్తదనం ఆడవాళ్లకు కట్టబెట్టడం చాలా దేశాల్లో కనిపించింది. ఐదేళ్ల కంటే ఎనిమిదేళ్లకు అది బాగా పెరిగింది.

సరుకు వేరని చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు. ఇవాళ విజయవాడలో ఏ పిల్లాణ్ని అడిగినా కూచిపూడి నేర్చుకునేది అమ్మాయిలే అంటాడు. అదే కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి ఊళ్లో తరతరాలుగా ఆ నాట్యం మగవాళ్లది. స్త్రీ పాత్రలు కూడా వాళ్లే కట్టేవారు. సత్యభామ వేషానికి దేశమంతా పేరు తెచ్చుకున్నది వేదాంతం సత్యనారాయణ శర్మ. వెంపటి చినసత్యం లాంటి గురువులు అమ్మాయిలకు నేర్పడం మొదలుపెట్టాక, కొద్ది తరాల్లోనే పిల్లల మనసులో నాట్యం అటు నుంచి ఇటు మారిపోయింది. పదేళ్లు దాటిన పిల్లలకు ఇది చెప్తే చాలాసేపు ఆలోచిస్తారు.

పని ఎవరికి అప్పజెప్పారన్నది పిల్లల స్వభావాన్ని కూడా కదిలిస్తుంది. కెన్యాలో లువో తెగ ఇళ్లలో ఆడపిల్లలు లేనిచోట కొందరు మగపిల్లలు నీళ్లు మోసి, చంటిపిల్లల్ని ఎత్తుకునేవారు. మిగతా మగపిల్లల కంటే వాళ్లలో దుడుకుతనం తక్కువ, ఇతరులకు సాయపడే గుణం ఎక్కువ అని కరొల్ ఎంబర్ 1973లో రాసింది. ఇంట్లో చెల్లిని చూసుకునే పని అన్నకు ఇవ్వడానికి ఇంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

పిల్లాడు చూసింది చెప్తున్నాడా, నిజంగా అలా నమ్ముతున్నాడా? ఎలా తెలుసుకోవాలి?

ఇది అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న, ఇందులోనే ఎక్కువమంది పొరబడతారు. "ఎవరు చేస్తారు?" వేరు, "ఎవరు చెయ్యొచ్చు?" వేరు, "నువ్వు చేస్తావా?" వేరు. మూడూ కలిపి అడిగితే ఏ జవాబు దేనికో తెలియదు.

ఇంట్లోనో అంగన్‌వాడీలోనో చేసే పద్ధతి ఇది. పోస్ట్‌కార్డు సైజు అట్టముక్కలు 12 తీసుకోండి. ఒక్కోదానిపై ఒక పనికి సంబంధించిన వస్తువు బొమ్మ గీయండి: గరిటె, చీపురు, ఆటో, సిరంజి, మిరపకాయల బుట్ట, ట్రాక్టర్, ముగ్గుడబ్బా, గాలిపటం, బ్లాక్‌బోర్డు, ఉయ్యాల, స్పానర్, సరుకుల సంచి. మనుషుల బొమ్మలు వద్దు. మూడు గిన్నెలు పెట్టండి: ఒకటి ఆడవాళ్లకు, ఒకటి మగవాళ్లకు, ఒకటి ఇద్దరికీ. నాలుగైదేళ్ల పిల్లలకు 6 కార్డులు చాలు, ఆరేళ్లు దాటితే 12. నాలుగేళ్ల లోపు ఈ ఆట ఆడించినా జవాబులకు విలువ ఉండదు.

మొదటి రోజు "ఈ పని ఎవరు చేస్తారు?" అని మాత్రమే అడగండి. రెండు మూడు రోజులు ఆగి అవే కార్డులతో "ఎవరు చెయ్యొచ్చు?" అనండి. ఇంకో రెండు రోజుల తర్వాత "నువ్వు పెద్దయ్యాక చేస్తావా?" అనండి, అప్పుడు గిన్నెలు రెండు చాలు. ఒక్కో విడత పది నిమిషాలు దాటకూడదు.

చెడిపోయేది ఎక్కడంటే:

మొదటిది మాట. "ఇది నడిపేవాడు ఎవరు?" అన్నారంటే జవాబు మీరే చెప్పేసినట్టు. "నడిపేవాళ్లు ఎవరు?" అనాలి. టీచర్లు కూడా ఇక్కడే జారతారు, ఎందుకంటే నోటికి అలవాటైపోయిన మాట.

"ఇద్దరూ" గిన్నెను ఎప్పుడూ చివర్లో పెట్టి, చివర్లో పేరు చెప్తే పిల్లలు అందులోనే వేస్తారు. ఆఖరుగా విన్న మాట గుర్తుంటుంది కాబట్టి. గిన్నెల వరస ప్రతి నాలుగు కార్డులకూ మార్చండి.

"శభాష్" అనకూడదు, కనుబొమ్మ ఎగరేయకూడదు. మూడో కార్డుకల్లా మీకేం కావాలో వాళ్లకు అర్థమైపోతుంది. అన్న పక్కన కూర్చుంటే తమ్ముడు అన్న జవాబే చెప్తాడు. ఒక్కొక్కళ్లనే అడగండి.

జవాబులు ఎలా చదవాలి? మొదటి రోజు గరిటె ఆడవాళ్ల గిన్నెలో, రెండో రోజు ఇద్దరి గిన్నెలో పడితే పిల్లకు కళ్లు బాగా పనిచేస్తున్నాయి, అంతే. లోకంలో ఉన్నదే చెప్పింది. రెండు రోజులూ ఒకే గిన్నెలో పడితే అలవాటును చట్టమనుకుంటోంది. రెండో రోజు "ఎవరైనా చెయ్యొచ్చు" అని, మూడో రోజు "నేను మాత్రం చెయ్యను" అంటే ఎవరో ఎక్కడో ఎగతాళి చేసి ఉంటారు. ఈ మూడో రకం పిల్లలతోనే ఓపికగా మాట్లాడాలి.

ఆరు నుంచి పదేళ్ల పిల్లలకు ఇంకో ప్రశ్న ఉంది. ఒక దీవి, అక్కడ అందరూ ఆడవాళ్లే, వాళ్ల మధ్య ఒక్క మగబిడ్డ పెరిగాడు. వాడు పెద్దయ్యాక ఏ ఆటలు ఇష్టపడతాడు? 1996లో మరియన్ టేలర్ ఇలాంటి ప్రశ్న అడిగితే, తొమ్మిది పదేళ్ల దాకా పిల్లలు "మగపిల్లాడు కదా, మగపిల్లల ఆటలే" అన్నారు. ఆ తర్వాతే "ఎవరి మధ్య పెరిగితే అలా" అనే ఆలోచన వచ్చింది. మీ పిల్ల ఏడేళ్లకే పెంపకం గురించి మాట్లాడితే సంతోషించండి.

మా ఇంట్లో నాన్నే వంట చేస్తారు. అయినా పాప "వంట అమ్మ పని" అంటోంది. ఎందుకు?

ఒక్క ఇంటిని చూసి పిల్లలు నియమం తయారు చేసుకోరు. పక్కింట్లో, పెద్దమ్మ ఇంట్లో, టీవీలో, బొమ్మల పుస్తకంలో చూసినవన్నీ కలిపి లెక్కేస్తారు. 2019లో దేశవ్యాప్తంగా చేసిన కాల వినియోగ సర్వేలో రోజూ జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు నూటికి 81 మంది, మగవాళ్లు 26 మంది. చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. మీ పాప చెప్తున్నది ఈ సగటే.

రెండో కారణం జ్ఞాపకం. కరొల్ మార్టిన్, చార్ల్స్ హాల్వర్సన్ 1983లో ఐదారేళ్ల పిల్లలకు బొమ్మలు చూపించారు. కొన్నిటిలో అమ్మాయిలు "మగపని" చేస్తున్నారు. వారం తర్వాత అడిగితే చాలామంది ఆ పని చేసింది అబ్బాయి అని గుర్తుచేసుకున్నారు. కళ్లతో చూసినదాన్ని మనసు సరిదిద్దేసింది. అందుకని నాన్న వంట చేస్తున్నప్పుడు పాప అక్కడ ఉంటే చాలదు. "ఇవాళ పప్పుచారు ఎవరు పెట్టారు?" అని తినేటప్పుడు అడగాలి, మర్నాడు మళ్లీ అడగాలి. చూసినదాన్ని పిల్లే నోటితో చెప్పినప్పుడు గుర్తు నిలుస్తుంది.

పెళ్లి భోజనాల్లో గాడిపొయ్యి దగ్గర పెద్ద గుండిగల్లో కలియబెట్టేది చాలావరకు మగవాళ్లే. కూలి డబ్బులొచ్చే వంట మగవాళ్లది, ఇంట్లో వంట ఆడవాళ్లది ఎలా అయిందని ఎనిమిదేళ్ల పిల్లనే అడగండి. జవాబు మీరు చెప్పకండి.

గులాబీ రంగు అమ్మాయిలది, నీలం అబ్బాయిలది. ఇది పుట్టుకతో వచ్చేదా?

కాదు. 1918లో అమెరికాలో ఒక బట్టల వ్యాపార పత్రిక గులాబీ అబ్బాయిలకు, నీలం అమ్మాయిలకు అని సలహా ఇచ్చింది. మనకు శుభానికి పసుపు, ఎరుపు ఉండేవి, పిల్లాడికైనా పిల్లకైనా. బీసెంట్ రోడ్డు షాపుల్లో ఆ రెండు అరలు వచ్చినప్పటి నుంచి మన పిల్లలకూ వచ్చింది.

బాబు గోరింటాకు పెట్టమంటున్నాడు, గాజులు కావాలంటున్నాడు. ఆపాలా?

ఆపక్కర్లేదు. నాలుగైదేళ్ల వయసులో అది కేవలం రంగు, మోత, మెరుపు. ఆషాఢంలో అక్కకు పెట్టి తనకు పెట్టకపోతే ఏడవడం సహజం.

అసలు గమనించాల్సింది పెద్దవాళ్ల మాట. అమ్మాయి ప్యాంటు చొక్కా వేసుకుని చెట్టెక్కితే "మగరాయుడు" అంటాం, అందులో కొంత మురిపెం ఉంటుంది. అబ్బాయి గాజులు వేసుకుంటే అనే మాటలో మురిపెం ఏమీ ఉండదు. "గాజులు తొడుక్కుని కూర్చో" అనేది మనకు తిట్టు. గీత దాటిన అమ్మాయి కంటే గీత దాటిన అబ్బాయికే ఎక్కువ శిక్ష పడుతుందని చాలా దేశాల్లో తేలింది, ఇక్కడ దానికి మాటలు కూడా సిద్ధంగా ఉన్నాయి. ఆ తిట్టు విన్న పిల్లాడు రెండు నేర్చుకుంటాడు: గాజులు తనవి కావు, గాజులు వేసుకునేవాళ్లు తక్కువవాళ్లు. రెండోది చెల్లెలి మీదా అమ్మ మీదా పనిచేస్తుంది.

"మగాడివి కదా, ఏడవకు" కూడా ఇలాంటిదే. మోకాలు కొట్టుకుపోయినప్పుడు "ఎక్కడ నొప్పి, చూపించు" అంటే సరిపోతుంది.

"ఆడపిల్లలు మగపిల్లలకేం తీసిపోరు" అని చెప్తున్నాం కదా, చాలదా?

ఆ వాక్యం మంచి మనసుతో చెప్పిందే, కానీ ఎదురు తిరుగుతుంది. కొలబద్ద మగపిల్లలని అందులోనే ఉంది. "అమ్మాయిలు లెక్కల్లో అబ్బాయిలంత బాగా చేస్తారు" అన్న తరహా వాక్యం విన్న పెద్దవాళ్లు కూడా అబ్బాయిలకే సహజంగా లెక్కలు వస్తాయని అర్థం తీసుకున్నట్టు 2018లో ఒక పరిశోధన చూపింది. "అబ్బాయిలూ అమ్మాయిలూ లెక్కలు బాగా చేస్తారు" అనండి. పోలిక వద్దు.

మొత్తం గుంపు గురించి చెప్పే వాక్యాలు కూడా తగ్గించండి. "మగపిల్లలు అల్లరి చేస్తారు" అంటే అది పుట్టుగుణమని అర్థమవుతుంది. "వీడు ఇవాళ అల్లరి చేశాడు" అంటే ఇవాళ్టి సంగతి.

స్కూల్లో టీచర్లు ఏం మార్చొచ్చు?

ఖర్చు లేనివి చాలా ఉన్నాయి. ప్రార్థనకు అబ్బాయిల లైను, అమ్మాయిల లైను బదులు పుట్టిన నెలను బట్టి గానీ పేరులో మొదటి అక్షరాన్ని బట్టి గానీ నిలబెట్టండి. అమెరికాలో ప్రీస్కూలు టీచర్లు రెండు వారాలు మాత్రం "బాయ్స్, గర్ల్స్" అని విడదీసి పిలిచి, వేరే లైన్లు కట్టించారు. ఆ రెండు వారాల్లోనే పిల్లల్లో మూసభావాలు పెరిగాయి, అవతలి వాళ్లతో ఆడుకోవడం తగ్గింది. టీచర్లు ఎవరినీ తక్కువ చేయలేదు, కేవలం విడదీశారు. 2010లో వెలువడిన ఈ ఫలితం ప్రతి హెడ్మాస్టరు గదిలో ఉండాల్సింది.

బెంచీలు మోయడం అబ్బాయిలకు, ఊడ్చి ముగ్గు వేయడం అమ్మాయిలకు ఇచ్చే అలవాటుకు వారం వారం మారే పట్టిక పెట్టండి. పట్టిక గోడమీద ఉండాలి, టీచరు మనసులో ఉంటే మూడో వారానికి పాత దారికే వస్తుంది. మరుగుదొడ్లు మాత్రం వేరుగానే ఉండాలి, తాళం పడే తలుపుతో, నీళ్లతో. పెద్దపిల్లలు బడి మానకుండా ఉండాలంటే ఇది తప్పదు.

కోనేరు హంపి, జ్యోతి సురేఖ గురించి చెప్తే పిల్లలు మారతారా?

కొంత. గుడివాడలో పుట్టిన హంపి 2002లో పదిహేనేళ్లకే చెస్ గ్రాండ్‌మాస్టర్ అయింది, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్. విజయవాడ ఆర్చర్ జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. ఇవి చెప్పాలి. అయితే పిల్లలు వీళ్లను "అందరిలాంటివాళ్లు కాదు" అని పక్కన పెట్టేస్తారు, పాత నియమం అలాగే ఉంటుంది. 2017లో అమెరికాలో తేలినదేంటంటే, ఐదేళ్ల అమ్మాయిలు "చాలా చాలా తెలివైనవాళ్లు" ఎవరంటే అమ్మాయిల్నే చూపిస్తారు, ఆరేడేళ్లకు ఆ సంఖ్య తగ్గుతుంది, మంచి మార్కులు అమ్మాయిలకే వస్తాయని తెలిసినా సరే. కాబట్టి ఒకటో తరగతిలో మెచ్చుకోవాల్సింది "పుట్టు తెలివి"ని కాదు, ఎలా ప్రయత్నించిందో దాన్ని.

రోజూ కనిపించే మనిషి ప్రభావం ఎక్కువ. పశ్చిమ బెంగాల్‌లో 495 గ్రామాల్లో జరిపిన పరిశోధన 2012లో వచ్చింది. రెండు విడతలు మహిళా ప్రధాన్ (మన సర్పంచ్ లాంటివారు) ఉన్న ఊళ్లలో అమ్మానాన్నలు కూతురి గురించి, కొడుకు గురించి పెట్టుకునే ఆశల మధ్య తేడా బాగా తగ్గింది, ఆడపిల్లల చదువులో వెనకబాటు పోయింది. బస్సెక్కినప్పుడు ఆర్టీసీ మహిళా కండక్టర్ దగ్గర టికెట్టు పిల్లతోనే తీయించండి. అలాంటి పదిమంది ఒక పెద్ద పేరు కంటే ఎక్కువ పనిచేస్తారు.

పదేళ్లు దాటాక ఏం మారుతుంది?

చాలా. అప్పటిదాకా సడలుతున్న నియమాలను ఇప్పుడు పెద్దవాళ్లే బిగిస్తారు. ఢిల్లీ, షాంఘై, నైరోబి సహా 15 దేశాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలతో మాట్లాడిన అంతర్జాతీయ అధ్యయనం 2017లో చెప్పింది ఒకటే: ఈ వయసులో అబ్బాయిల ప్రపంచం పెద్దదవుతుంది, అమ్మాయిల ప్రపంచం చిన్నదవుతుంది. మన దగ్గర అది సైకిల్‌తో, ఫోనుతో, "చీకటి పడకముందే ఇంటికి రా"తో మొదలవుతుంది. పెద్దమనిషి అయినప్పుడు చిమ్మిలి పెట్టి, ఓణీల ఫంక్షన్ చేసి, ఆ మర్నాటి నుంచి వీధిలో ఆట మాన్పిస్తే, తన ఒంటికే ఏదో తప్పు జరిగిందని పిల్ల అనుకుంటుంది. ఫంక్షన్ చేయడం మానేయమని కాదు. ఆ ముందురోజు దాకా ఏ ఆట ఆడిందో ఆ తర్వాత కూడా అదే ఆడనివ్వండి.

చదువు ఖర్చులోనూ తేడా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన యంగ్ లైవ్స్ అధ్యయనం ప్రకారం ఎనిమిదేళ్ల పిల్లల్లో ప్రైవేటు బడికి వెళ్లేవాళ్లు 2002లో 24 శాతం, 2009లో 44 శాతం. ఆ పెరుగుదలలో ఆడపిల్లలు వెనకే ఉండిపోయారు. అన్నను కాన్వెంటుకు, తనను వీధి చివరి బడికి పంపితే పిల్ల దానికి అర్థం తనే చెప్పుకుంటుంది.

ఈ వయసు పిల్లలతో మాట్లాడితే ఫలితం ఉంటుంది. హర్యానాలో 314 ప్రభుత్వ పాఠశాలలతో చేసిన ప్రయోగంలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో మొదలుపెట్టి రెండున్నరేళ్లు 45 నిమిషాల చొప్పున చర్చలు జరిపారు. అబ్బాయిల్లోనూ అమ్మాయిల్లోనూ ఆలోచన మారింది, అబ్బాయిలు ఇంటిపని ఎక్కువ చేస్తున్నట్టు చెప్పారు. ఒక్క రోజు సభ పెట్టి వక్తను పిలిస్తే ఇది రాదు.

పద్దెనిమిది నిండకుండా పెళ్లి మాట వినిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 29 శాతం మందికి పద్దెనిమిది లోపే పెళ్లయింది.

రైల్లో హిజ్రాలను చూసి "ఆయనా, ఆవిడా?" అని గట్టిగా అడుగుతుంది. ఏం చెప్పాలి?

నోరు మూయించకండి, సిగ్గుపడకండి. "పుట్టినప్పుడు అబ్బాయి అనుకున్నారు, పెద్దయ్యాక తను అమ్మాయినని చెప్పారు. అలాంటివాళ్లు కూడా ఉంటారు. ఆవిడ అని పిలుద్దాం" అంటే ఐదేళ్ల పిల్లకు చాలు. పదేళ్లు దాటితే 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వాళ్లను మూడో జెండర్‌గా గుర్తించిందని, సమోవా దీవుల్లో ఫఅఫఫినె అనే పేరుతో ఇలాంటివాళ్లకు కుటుంబాల్లో చోటుందని చెప్పొచ్చు.

నాన్నమ్మ, తాతయ్య వేరేగా చెప్తుంటే?

పిల్లల ముందు వాదన వద్దు. "ఈడ పిల్ల కాదు, ఆడ పిల్ల" అని నాన్నమ్మ అన్నప్పుడు, "నాన్నమ్మ చిన్నప్పుడు అలా ఉండేది. నాన్నమ్మా, మీరు ఏ తరగతి దాకా చదివారు? ఎందుకు మానేశారు?" అని మనవరాలితోనే అడిగించండి. చాలామంది నాన్నమ్మలు ఆ ప్రశ్న కోసం ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లే.

ఎన్నాళ్లకు తేడా కనిపిస్తుంది?

"ఎవరు చెయ్యొచ్చు?" జవాబులు ముందు మారతాయి, నెలల్లో. "నువ్వు చేస్తావా?" చివర మారుతుంది, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. "ఎవరు చేస్తారు?" మాత్రం ఇంట్లో పని చేతులు మారేదాకా మారదు. అదే 12 కార్డుల్ని మూడు నెలలకోసారి, వరస మార్చి, అడిగే మనిషిని మార్చకుండా మళ్లీ ఆడండి. తేదీ వేసి జవాబులు ఒక నోటుబుక్కులో రాసుకోండి. పాత పేజీ చూడకుండా కొత్త పేజీ నింపండి, లేదంటే మీరు కోరుకున్న జవాబే వినపడుతుంది.